చూడి డాల్ఫిన్ల రక్తంలో ప్రోటీన్లు కొలిపించాం: ఆ ల్యాబ్ సర్వీస్ గురించి రెండు విడతల తర్వాత రాస్తున్నా

ముందే చెప్తున్నా, 5కి 4 ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో, మధ్యలో అంత కోపం వచ్చాక కూడా 4 ఎందుకు ఇచ్చానో రెండూ వివరంగా రాస్తాను. డాల్ఫిన్ సీరం (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) ప్రోటీన్ టెస్టింగ్‌కి పంపేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే ఉంటారు, కానీ ఆ కొద్దిమందికీ ఒక్కో ట్యూబు మళ్ళీ దొరకనిది. ఆడ బాటిల్‌నోజ్ డాల్ఫిన్ పిల్లని దాదాపు 12 నెలలు మోస్తుంది, ఆ తర్వాత ఏడాదిన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పాలు ఇస్తుంది, అంటే ఒక చూలుకీ ఇంకో చూలుకీ మధ్య మూడు నాలుగేళ్ళు గడిచిపోవడం మామూలే. ఆరో నెలలో తీసిన రక్తం ఎక్కడో పాడైతే, అదే డాల్ఫిన్ నుంచి మళ్ళీ ఆరో నెల రక్తం కావాలంటే అన్నేళ్ళు ఆగాలి.

సర్వీస్ ఏంటంటే, మీరు ఫ్రీజ్ చేసిన సీరం పంపుతారు, వాళ్ళు అందులోని ప్రోటీన్లని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఆ ముక్కల బరువులు కొలిచి, ఏ ప్రోటీన్ ఎంత ఉందో పెద్ద పట్టిక చేసి ఇస్తారు. శాంపిల్‌కి కొన్ని మైక్రోలీటర్లు చాలు. మాకు ఇది పెద్ద సంగతి, ఎందుకంటే మా ఫ్రీజర్లో ఏళ్ళ తరబడి దాచిన ట్యూబుల్లో మిగిలింది కొద్దికొద్దే.

మాకు ఈ పని ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. డాల్ఫిన్ చూలు కట్టిందా లేదా అని తెలుసుకోవడానికి రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ చూస్తారు. కానీ డాల్ఫిన్లలో ఉత్తుత్తి చూలు కూడా వస్తుంది. పిండం లేకపోయినా కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడి ఈ హార్మోన్‌ని తయారుచేసే కణజాలం) కరిగిపోకుండా నిలబడి, ప్రొజెస్టెరాన్ నెలల తరబడి పైనే ఉంటుంది. ఆ ఒక్క అంకె చూసి సంబరపడిపోయిన రోజులు మాకున్నాయి. అల్ట్రాసౌండ్ ఆ అనుమానం తీరుస్తుంది, పిండం ఉందో లేదో, తల వెడల్పుని బట్టి ఎన్నో నెలో కూడా చెప్తుంది. అది చెప్పలేనిది ఒకటుంది: ఈ చూలు నిలుస్తుందా? గుండె కొట్టుకుంటూ కనిపించిన పిండం రెండు వారాల తర్వాత కొట్టుకోకపోవచ్చు, ఆ రెండు వారాల్లో తల్లి ఒంట్లో ఏం జరిగిందో తెర మీద ఏమీ కనపడదు.

సముద్రంలో ఉన్నవాటి సంగతి ఇంకా కష్టం. 2010లో మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్ ప్రమాదంలో చమురు ఒలికిపోయిన తర్వాత, లూసియానాలోని బారటారియా బేలో చూడితో ఉన్నట్టు తేలిన 10 డాల్ఫిన్లని గమనిస్తే, బతికే పిల్లని కన్నవి రెండే. 20 శాతం. పోల్చి చూడడానికి తీసుకున్న ఇంకో చోటి డాల్ఫిన్లలో అది 83 శాతం. 2015లో ఈ లెక్క అచ్చయినప్పుడు నేను చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. వాటిని పట్టుకుని రక్తం తీసి పరీక్ష చేసి వదిలేశారు, తర్వాత నెలల తరబడి పడవల్లో తిరిగి పక్కన పిల్ల ఉందా అని చూశారు. ఆ ఒక్కసారి దొరికిన రక్తంలోనే ఈ చూలు ప్రమాదంలో ఉందని చెప్పే గుర్తు ఏదైనా ఉంటే? ప్రోటీన్లు కొలవడం వెనకున్న ఆశ అదే. ప్రొజెస్టెరాన్ ఒక్క వేలు చూపిస్తుంది, ప్రోటీన్లు కాలేయం, రోగనిరోధక వ్యవస్థ, రక్తం గడ్డకట్టే వ్యవస్థ, మాయ (పిండాన్ని తల్లి గర్భసంచికి కలిపే అవయవం) అన్నీ ఒకేసారి ఏం చేస్తున్నాయో చూపిస్తాయి.

మా దగ్గర ఒక పెద్ద వయసు ఆడ డాల్ఫిన్ ఉంది. రెండుసార్లు కట్టింది, రెండుసార్లూ చివరి నెలల్లో పిల్ల దక్కలేదు. ఆ రెండు చూళ్ళ రక్తమూ నెలనెలా తీసింది మా దగ్గర ఉంది. తోక రెక్క చాపి నీళ్ళ అంచున కదలకుండా ఉండి రక్తం ఇవ్వడం దానికి నేర్పారు, పట్టుకోవడం, బలవంతం ఏమీ ఉండదు. అది అంత నమ్మకంతో ఇచ్చిన రక్తం ఫ్రీజర్లో ఊరికే పడి ఉండడం నాకు ఎప్పుడూ మనసుకి పట్టేది కాదు.

ఈ సర్వీస్ కంటే ముందు ఇంకోచోట ప్రయత్నించాం, పేరు రాయను. అది యాంటీబాడీల (ఒక్కో ప్రోటీన్‌ని గుర్తుపట్టి అంటుకునే అణువుల) ప్యానెల్, ఒకేసారి వందల ప్రోటీన్లు కొలుస్తామని చెప్పేది. నిజమే, మనుషుల రక్తంలో కొలుస్తుంది. డాల్ఫిన్ రక్తంలో ఆ యాంటీబాడీ తన ప్రోటీన్‌ని గుర్తుపట్టొచ్చు, పట్టకపోవచ్చు, లేదా ఇంకేదో ప్రోటీన్‌ని పట్టుకుని అదే ఇది అని అంకె ఇవ్వొచ్చు. మొదటి రెండూ సర్దుకోవచ్చు, మూడోది ప్రమాదం, ఎందుకంటే పట్టికలో అంకె చక్కగా కనిపిస్తుంది. మేము ఒకే సీరాన్ని పలచన చేసి పంపి చూశాం. సగం చేస్తే అంకె సగం కావాలి కదా, చాలా వాటిలో కాలేదు. అక్కడితో ఆపేశాం. మీరు ఏ ఎలైజా కిట్ (ఇలా యాంటీబాడీలతో కొలిచే కిట్) కొన్నా ఈ పలచన పరీక్ష తప్పకుండా చేయండి, డబ్బా మీద క్షీరదాలన్నిటికీ పనికొస్తుందని రాసున్నా సరే.

ఇంకో సంగతి, ఇది చాలామంది అడుగుతారు కాబట్టి రాస్తున్నా: మనుషుల ప్రెగ్నెన్సీ కిట్ డాల్ఫిన్‌కి పనిచేయదు. అది వెతికే హెచ్‌సీజీ హార్మోన్ కోతుల, మనుషుల జాతికి చెందింది. అసలు మాయే వేరు. మనుషుల్లో మాయ నేరుగా తల్లి రక్తంలో మునిగి ఉంటుంది. డాల్ఫిన్‌లో గుర్రం, పంది లాగా మాయ గర్భసంచి లోపలి పొరకి అంటుకుని ఉంటుందే తప్ప దాన్ని తొలుచుకుని లోపలికి పోదు. కాబట్టి మనుషుల చూలు గురించి తెలిసిన గుర్తులన్నీ ఇక్కడా అలాగే కనిపిస్తాయని అనుకోకూడదు.

ఇక ఈ ల్యాబ్. వీళ్ళ మీద నాకు నమ్మకం కుదిరింది మొదటి ఫోన్ కాల్‌లోనే. శాంపిల్స్ ఎన్ని, ఎప్పుడు పంపుతారు అని కాకుండా, ఏ డేటాబేస్‌తో వెతకాలి అని అడిగారు. తెలియనివాళ్ళకి ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది, కానీ మొత్తం పని దీని మీదే నిలబడుతుంది. మాస్ స్పెక్ (మాస్ స్పెక్ట్రోమీటర్) మెషిన్‌కి ప్రోటీన్ పేర్లు తెలియవు. ముక్కల బరువులు మాత్రమే తెలుసు. ఆ బరువులు ఏ ప్రోటీన్ ముక్కలకి సరిపోతాయో ఒక జాబితాతో పోల్చి చూస్తారు. మనుషుల జాబితాతో పోలిస్తే, డాల్ఫిన్ ముక్కలో ఒక్క అమైనో ఆమ్లం తేడా ఉన్నా బరువు మారిపోయి ఆ ముక్క దొరకదు. లూసీన్ బదులు ఐసోలూసీన్ ఉంటే తప్ప, ఆ రెండిటి బరువూ ఒకటే. కాబట్టి డాల్ఫిన్ సొంత జీనోమ్ (మొత్తం జన్యువుల వరస) నుంచి తయారైన ప్రోటీన్ జాబితా ఉండాలి, అదీ కొత్తది ఉండాలి. పాత జీనోమ్ కూర్పులో అతుకులు సరిగా లేక కొన్ని ప్రోటీన్లు సగమే ఉండేవి, కొన్ని అసలు లేవు. వీళ్ళకి ఆ సంగతి తెలుసు, ఏ కూర్పు వాడుతున్నారో దాని విడుదల నంబరుతో సహా రిపోర్టులో రాశారు. ఆరు నెలల తర్వాత కొత్త జాబితాతో మళ్ళీ వెతకాలంటే ముడి డేటా ఫైళ్ళు కూడా ఇచ్చారు. ముడి ఫైళ్ళు ఇవ్వని ల్యాబ్‌కి నేనైతే పంపను.

రెండో మంచి ప్రశ్న: ఆల్బుమిన్ తీసేయాలా వద్దా. సీరంలో ప్రోటీన్ బరువులో సగానికి సగం ఆల్బుమినే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఇంకో ఇరవై రకాలు. ఇవి మెషిన్‌ని కమ్మేస్తాయి, కొద్దిగా ఉన్నవి వాటి వెనక మరుగున పడిపోతాయి. అందుకని ఇలా ఎక్కువ మోతాదులో ఉన్న ప్రోటీన్లని పట్టి ఉంచే కాలమ్ (గొట్టం) గుండా సీరాన్ని పంపిస్తారు. ఆ కాలమ్‌లో ఉండేవీ మనుషుల ప్రోటీన్లకి చేసిన యాంటీబాడీలే. డాల్ఫిన్‌లో అవి కొన్నిటిని సగం సగం తీస్తాయి, పైగా ఒక శాంపిల్‌లో తీసినంత ఇంకోదాంట్లో తీయకపోతే ఆ తేడా చూలు వల్ల వచ్చిన తేడాలా కనపడుతుంది. ఇదంతా వాళ్ళే చెప్పి, తీయకుండా చేద్దాం, కొన్ని వందల ప్రోటీన్లే వస్తాయి గానీ వచ్చినవి నమ్మొచ్చు అన్నారు. ఎక్కువ సంఖ్య చూపించి అమ్ముకునే అవకాశం వదులుకుని తక్కువ చెప్పారు, అది నాకు నచ్చింది.

పంపించడం గురించి తొందరగా చెప్పేస్తా. దేశం దాటించాలంటే డాల్ఫిన్ రక్తం ఒక్క చుక్కకైనా సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ కావాలి, తిమింగలాలు డాల్ఫిన్లు అన్నీ ఆ ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి. పర్మిట్ చేతికి రాకముందే డ్రై ఐస్ బుక్ చేయకండి, డ్రై ఐస్ ఎవరి కోసమూ ఆగదు. ల్యాబ్ వాళ్ళు పెట్టె చేరిన గంటలోనే ఫొటోలు పంపారు, డ్రై ఐస్ ఇంకా మిగిలి ఉందని కనిపించాక గానీ నా టెన్షన్ తగ్గలేదు. నాలుగు ట్యూబుల్లో ఎర్రకణాలు పగిలి సీరం గులాబీ రంగులో ఉందని గుర్తించి, వాటిని పక్కన పెట్టాలా అని అడిగారు. పగిలిన ఎర్రకణాల నుంచి హీమోగ్లోబిన్ లాంటివి సీరంలో కలిస్తే లెక్కలు చెడతాయి, అడగకుండా చేసేసి ఉంటే మాకు తెలిసేది కాదు.

ఇప్పుడు కోపం వచ్చిన భాగం.

మొదటి విడత ఫలితాలు వచ్చినప్పుడు చూడి శాంపిల్స్‌కీ మామూలు శాంపిల్స్‌కీ మధ్య ఎక్కడ చూసినా తేడాలే. గ్రాఫ్‌లో చుక్కలు రెండు గుంపులుగా చీలిపోయి ఉన్నాయి. మా ఆఫీసులో అందరూ ఆనందపడ్డారు. నాకు అంత తేడా మింగుడు పడలేదు, మెషిన్‌లో ఏ శాంపిల్ ఏ రోజు పెట్టారో జాబితా ఇవ్వమని అడిగాను. చూడివన్నీ ఒక వరసలో, తర్వాత మూడు రోజుల గ్యాప్, మామూలువన్నీ ఇంకో వరసలో పెట్టారు. మేము పెట్టెలో సర్దిన వరసలోనే తీసి పెట్టేశారన్నమాట. మాస్ స్పెక్ రోజు రోజుకీ కొద్దికొద్దిగా మారుతుంది, శాంపిల్‌ని మెషిన్‌లోకి పంపే కాలమ్ పాతబడుతుంది, మెషిన్ ముందు భాగం మురికి పడుతుంది. ఆ రోజుల తేడా, చూలు తేడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే తర్వాత ఏ లెక్కతోనూ విడదీయలేం. ఇంత తెలిసినవాళ్ళు, డేటాబేస్ గురించి అంత జాగ్రత్తగా మాట్లాడినవాళ్ళు, శాంపిల్స్ కలగలిపి పెట్టడం మర్చిపోవడం ఏంటి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పెద్దామె ట్యూబుల్లో రెండు అప్పటికే ఖాళీ అయిపోయాయి.

మెయిల్ పెట్టాను, కటువుగానే పెట్టాను. మర్నాడే ఫోన్ చేసి తప్పు మాదే అన్నారు. పెప్టైడ్లు, అంటే ట్రిప్సిన్‌తో చేసిన ప్రోటీన్ ముక్కలు, కొంత దాచి ఉంచడం వాళ్ళ అలవాటు కాబట్టి కొత్త సీరం అక్కర్లేకుండానే, చీటీలు తీసినట్టు కలగలిపి, ప్రతి పది శాంపిల్స్‌కీ మధ్య అన్ని శాంపిల్స్ కలిపి చేసిన ఒకే మిశ్రమాన్ని పెట్టి, మొత్తం మళ్ళీ ఉచితంగా నడిపారు. ఆ మిశ్రమం అంకె మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే మెషిన్ నిలకడగా ఉన్నట్టు. ఈసారి రెండు గుంపులు మాయమయ్యాయి. తేడాలు చాలా తగ్గాయి, మిగిలినవి కొన్ని. ఆ కొన్ని చూసినప్పుడే నాకు నిజమైన సంతోషం కలిగింది. మీరు ఏ ల్యాబ్‌కి పంపినా, వరస కలగలిపి పెడతామని రాతపూర్వకంగా తీసుకోండి, ట్యూబుల మీద చూడి అనీ మామూలు అనీ రాయకుండా నంబర్లు మాత్రమే వేసి పంపండి. ఈ పని మేము మొదటే చేసి ఉండాల్సింది.

రిపోర్టు తయారు చేసిన పద్ధతి మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది, 4 ఇచ్చింది దీని వల్లే అనుకోవచ్చు, ఎందుకంటే పై తప్పు వాళ్ళు దిద్దారు, దీన్ని ఇంకా దిద్దలేదు. పట్టికలో డాల్ఫిన్ ప్రోటీన్‌కి దాని అసలు నంబరు పక్కన పెట్టి, దగ్గరగా ఉన్న మనిషి ప్రోటీన్ పేరు ముందు పెడతారు. మాకు పైవరసలోనే "ప్రెగ్నెన్సీ జోన్ ప్రోటీన్" అని కనిపించింది. మనుషుల్లో ఇది చూలు సమయంలో బాగా పెరిగే ప్రోటీన్, పేరే అది. ఇంతకంటే ఏం కావాలి అన్నారు మావాళ్ళు. కానీ ఇది ఆల్ఫా-2-మాక్రోగ్లోబ్యులిన్‌కి దగ్గర చుట్టం, రెండిటి అమైనో ఆమ్లాల వరస చాలావరకు ఒకేలా ఉంటుంది. ఏ పెప్టైడ్లు దొరికాయో విప్పి చూస్తే, వాటిలో ఎక్కువ రెండిటికీ చెందగలిగినవే. కంప్యూటర్ ఏదో ఒక పేరు పెట్టాలి కాబట్టి ఆ పేరు పెట్టింది. పేరు చూసి కథ అల్లుకుంటే ఏడాది పని అక్కడే పాడయ్యేది. డాల్ఫిన్ నంబరు ముందు, మనిషి పేరు తర్వాత రాయండి, పంచుకున్న పెప్టైడ్లు ఎన్నో పక్క గడిలో చూపించండి అని రెండుసార్లు అడిగాను.

మనుషుల కొలతలతో డాల్ఫిన్‌ని చూడడం ఎంత తప్పుదారో ఒక ఉదాహరణ చాలు. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఇలాగే ఏమీ తీయకుండా డాల్ఫిన్ సీరాన్ని మాస్ స్పెక్‌లో చూస్తే, వానిన్-1 అనే ప్రోటీన్ మనుషులతో పోలిస్తే ఎంతో ఎక్కువగా ఉందని తేలింది. ఆరోగ్యంగా ఉన్న డాల్ఫిన్ రక్తమే అలా ఉంటుంది. అది తెలియకుండా చూడి డాల్ఫిన్‌లో మొదటిసారి చూస్తే జబ్బు అనుకుంటాం. అందుకే చూలు గురించి ఏ మాట చెప్పాలన్నా అదే డాల్ఫిన్ చూలు లేనప్పటి రక్తం పక్కన పెట్టుకోవాలి. వీలైతే అదే రుతువులో, ఉదయం మేత పెట్టకముందు తీసింది, ఫ్రీజర్లో ఇంచుమించు అన్నేళ్ళే ఉన్నది. ఈ జతలు కుదర్చడానికి మాకు ల్యాబ్ పని కంటే ఎక్కువ కాలం పట్టింది. పాత రిజిస్టర్లు తిరగేస్తూ, ట్యూబు మీద చెరిగిపోయిన తేదీలు లైటు కింద పెట్టి చదువుతూ కూర్చున్నాం.

రిలాక్సిన్ గురించి అడిగేవాళ్ళ కోసం: ఈ పట్టికలో అది కనపడదు. కుక్కల్లో అది మాయ నుంచి వస్తుంది కాబట్టి చూలుని ఉత్తుత్తి చూలు నుంచి వేరు చేయడానికి వాడతారు, డాల్ఫిన్లలోనూ దాన్ని కొలిచి చూశారు. కానీ అది చాలా చిన్న ప్రోటీన్, రక్తంలో ఉండేది నానోగ్రాముల్లో, ఇలా మొత్తం సీరాన్ని ఒకేసారి చూసే పద్ధతికి అంత లోతు అందదు. పట్టికలో లేదంటే రక్తంలో లేదని కాదు. ల్యాబ్ వాళ్ళు ఈ మాట రిపోర్టు మొదటి పేజీలోనే రాశారు, అందుకు మెచ్చుకోవాలి.

మాకేం దొరికిందో అడుగుతారని తెలుసు. మధ్య నెలలకీ చివరి నెలలకీ మధ్య నిలకడగా మారే ప్రోటీన్లు కొన్ని కనిపించాయి. పేర్లు ఇప్పుడు రాయను, ఇంకో పద్ధతిలో కొలిచి సరిచూడకుండా బయట పెడితే ఎవరో ఒకరు వాటిని పట్టుకుని డాల్ఫిన్ల మీద నిర్ణయాలు తీసుకుంటారు. ఇక్కడ ల్యాబ్ వాళ్ళు చేసిన ఒక పని చెప్పాలి. పిల్ల దక్కని చూళ్ళని ముందే పసిగట్టే మోడల్ ఒకటి చేసివ్వండి అని మా పైవాళ్ళు అడిగారు. వీళ్ళు చేయం అన్నారు. పిల్ల దక్కని చూళ్ళు మీ దగ్గర మూడే ఉన్నాయి, అందులో రెండు ఒకే డాల్ఫిన్‌వి, వందల ప్రోటీన్లలోంచి ఆ మూడిటికీ సరిపోయేవి ఏవో కొన్ని ఎప్పుడైనా దొరుకుతాయి, తర్వాతి డాల్ఫిన్ దగ్గర అవి పనిచేయవు అని తేల్చి చెప్పారు. డబ్బులొచ్చే పనిని అలా కాదన్నవాళ్ళని నేను పెద్దగా చూడలేదు.

రెండో విడత ఫలితాలు అనుకున్న తేదీ కంటే మూడు వారాలు ఆలస్యం. మెషిన్ రిపేర్ అన్నారు, ముందే చెప్పారు కాబట్టి దానికి మార్కులు తగ్గించలేదు.

ఎవరికి పనికొస్తుంది అంటే, నెలనెలా తీసి, తేదీలు సరిగా రాసి, అల్ట్రాసౌండ్‌తో ఎన్నో వారమో తెలిసిన సీరం ఉన్నవాళ్ళకి. ఒక్కసారి దొరికిన రక్తంతో కట్టిందా లేదా తెలిస్తే చాలు అనుకునేవాళ్ళకి ఇది వద్దు, అల్ట్రాసౌండ్ చేయించుకోండి. సముద్రంలో పట్టుకోకుండా దూరం నుంచి చూడాలనుకుంటే బాణంతో తీసిన చర్మం కింది కొవ్వు ముక్కలో ప్రొజెస్టెరాన్ చూసే పద్ధతి ఉంది, దానికి రక్తమే అక్కర్లేదు.

మూడో విడత పెట్టె మొన్న పంపించాం, ఈసారి ట్యూబుల మీద నంబర్లు తప్ప ఏమీ రాయలేదు. ఆ పెద్దామె మళ్ళీ కట్టింది. పదో నెల రక్తం పోయిన వారం ఇచ్చింది, తోక చాపి, ఎప్పటిలాగే కదలకుండా. అల్ట్రాసౌండ్‌లో పిల్ల గుండె బాగానే కొట్టుకుంటోంది. పెట్టెలో కింది అరలో మూడో ట్యూబు దానిదే.